ఆసుపత్రికి ఆక్సిజన్ సాయం: కాన్సన్‌ట్రేటర్లు మేలా, ప్లాంటు మేలా?

2021 ఏప్రిల్, మే నెలల్లో, కోవిడ్ సమయంలో ఆక్సిజన్ బెడ్ కోసం మనవాళ్లు పడ్డ అవస్థ ఎవరూ మర్చిపోలేదు. మళ్లీ అలాంటి ఆపద వస్తే బెజవాడ వన్‌టౌన్ వ్యాపారులు, గుంటూరు మిర్చి యార్డు వాళ్లు, కంపెనీల వాళ్లు ముందుకు రాకుండా ఉండరు. అయితే ఏం కొనివ్వాలి?

చాలామందికి ముందు తట్టేది కాన్సన్‌ట్రేటరే. ప్లగ్గు పెట్టి, సీసాలో నీళ్లు పోస్తే చాలు, గాలిలోని నైట్రోజన్‌ను తీసేసి సుమారు 93 శాతం ఆక్సిజన్ ఇస్తుంది. కానీ ఇచ్చేది నిమిషానికి 5 లీటర్లు, పెద్దదైతే 10. ఐసీయూలో హై ఫ్లో (ముక్కులోకి గొట్టంతో ఎక్కువ వేగంగా ఆక్సిజన్ పంపే పద్ధతి) మీదున్న పేషెంటుకు నిమిషానికి 60 లీటర్ల దాకా కావాలి. అక్కడ ఇది ఏ మూలకూ చాలదు. పైగా మన ఎండలకు, దుమ్ముకు వెనకాల ఉండే ఫిల్టర్ త్వరగా మూసుకుపోతుంది. దాన్ని కడిగే మనిషి లేకపోతే మిషన్ మూలపడుతుంది.

పెద్ద సిలిండర్‌లో ఉండేది దాదాపు 7000 లీటర్లు. హై ఫ్లో పేషెంటుకు రెండు గంటలు కూడా రాదు. అది అత్యవసరానికే.

ఆసుపత్రి ఆవరణలోనే గాలి నుంచి ఆక్సిజన్ తీసే పెద్ద యంత్రం పీఎస్ఏ ప్లాంటు. అది పనిచేసే సూత్రం కూడా కాన్సన్‌ట్రేటర్‌దే, కాకపోతే పైపులైన్ ద్వారా వార్డు మొత్తానికి అందుతుంది. దిమ్మె కట్టాలి, కరెంటు లైను లాగాలి, జనరేటర్ పెట్టాలి. వీటికి వారాలు పడుతుంది కాబట్టి రోగం ఊరిమీద పడ్డాక మొదలుపెడితే లాభం లేదు. పెద్దాసుపత్రిలో లిక్విడ్ ఆక్సిజన్ ట్యాంకు ఉంటుంది కదా, ప్లాంటు దేనికి అంటారేమో. లీటరు ద్రవం 860 లీటర్ల వాయువవుతుంది, నిజమే. కానీ ట్యాంకర్ రావాలి! 2021 మే 10న తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ట్యాంకర్ ఆలస్యమై 11 మంది చనిపోయారని అధికారులే చెప్పారు. ప్లాంటు ఉంటే ట్యాంకర్ వచ్చేదాకా కొంతమందినైనా నిలబెట్టొచ్చు.

నాకు అన్నిటికంటే బాధ కలిగించేది వేరే ఉంది. ప్రారంభోత్సవం రోజున ఉన్న హడావుడి, తర్వాత ఫిల్టర్లు మార్చడానికి ఉండదు. సీఎస్సార్ (కంపెనీలు సమాజం కోసం పెట్టే ఖర్చు) నిబంధనల్లో మొదలైన ఏడాది కాక మరో మూడేళ్ల దాకా సాగే ప్రాజెక్టులకు వీలుంది. అంటే ప్లాంటుతోపాటు నిర్వహణ ఖర్చు, టెక్నీషియన్ జీతం కూడా ఒప్పందంలోనే రాసుకోవచ్చు. దాతలు దయచేసి ఈ పని చేయాలి.

నా మటుకు నేను తెనాలి లాంటి జిల్లా ఆసుపత్రికైతే ప్లాంటు, జనరేటర్ కలిపి ఇమ్మంటాను. పల్లెల్లోని ఆరోగ్య కేంద్రాలకు కాన్సన్‌ట్రేటర్లే మేలు, ఇన్వర్టర్ మాత్రం మర్చిపోవద్దు. విజయవాడ, గుంటూరు జీజీహెచ్‌లకు (ప్రభుత్వ పెద్దాసుపత్రులకు) కొత్త మిషన్ ఆర్డర్ పెట్టేముందు సూపరింటెండెంట్‌ను, బయోమెడికల్ ఇంజనీర్‌ను కలిసి, ఉన్నవాటిలో ఏవి ఆగిపోయాయో లిస్టు తీసుకోండి. ముందు వాటినే బాగుచేయించండి.