1966 మస్టాంగ్‌తో తొమ్మిదేళ్ళు: ఇంజిన్ చవక, తుప్పు ఖరీదు

ఇది ఆదివారం బండి. రోజూ ఆఫీసుకి తిరిగే కారు వేరే ఉంది. 2016లో డాలస్ దగ్గర ఒక పెద్దాయన అమ్ముతుంటే 17,500 డాలర్లకు కొన్నాను. 1966 ఫోర్డ్ మస్టాంగ్ హార్డ్‌టాప్, 289 క్యూబిక్ అంగుళాల వీ8 (ఎనిమిది సిలిండర్ల) ఇంజిన్, ఆటోమేటిక్ గేర్లు. ఇప్పటికి 11 వేల మైళ్ళు తిప్పాను. పెట్రోలు కాకుండా దాని మీద పెట్టింది 13 వేల డాలర్లు దాటింది. కొనాలనుకునే మనవాళ్ళు ఫోన్ చేసి మొదట అడిగేది "ఇంజిన్ కండిషన్ ఎలా చూడాలి?" అని. ఆ 13 వేలలో ఇంజిన్ తిన్నది వెయ్యి కూడా లేదు. సగానికి పైగా వాన నీళ్ళు తిన్నాయి.

ముందు అద్దానికీ బానెట్‌కీ మధ్య, కారు లోపలికి గాలి రావడానికి సన్నటి గాట్లు ఉంటాయి. దాన్ని కౌల్ అంటారు. వాన పడితే నీళ్ళు ఆ గాట్లలోకే దిగి, రెండు పక్కల నుంచి కిందికి పోవాలి. లోపల గాలి దారి చుట్టూ టోపీ అంచులాంటి రేకు ఒకటి నీళ్ళను ఆపుతుంది. ఆకులూ మట్టీ అక్కడ చేరి తడి ఆరకపోతే ఆ రేకు తుప్పు పట్టి రాలిపోతుంది. ఇక ఆ తర్వాత పడే ప్రతి వానా మన కాళ్ళ మీదకే. రెండు రేకులు కలిపి స్పాట్ వెల్డింగ్ చేసిన పెట్టె అది. చెయ్యి దూరదు, కన్ను ఆనదు. బయట ఎంత మెరిసే పెయింట్ ఉన్నా లోపల జరిగేది తెలియదు.

నాకూ తెలియలేదు. కొన్న మరుసటి మే నెలలో గట్టి వాన పడ్డాక కార్పెట్ తడిగా ఉంటే, డోర్ రబ్బర్లు పోయాయనుకుని మార్చాను. మళ్ళీ తడి. చివరికి ఒక శనివారం మా ఆవిడని డ్యాష్‌బోర్డు కింద తల పెట్టి పైకి ఫోన్ టార్చ్ వెయ్యమని చెప్పి, బయట నుంచి కౌల్‌లో మగ్గుతో నీళ్ళు పోశాను. రెండో మగ్గు సగం కూడా అవ్వలేదు, "ఆపండి, నా మొహం మీద పడుతున్నాయి!" అని అరిచింది. కార్పెట్ ఎత్తి చూస్తే ఫ్లోర్ రేకు అప్పడంలా ఉంది. స్క్రూడ్రైవర్‌తో పొడిస్తే కింద సిమెంటు కనిపించింది.

మొదట తీసుకెళ్ళిన షెడ్డువాళ్ళు పైనుంచి సీలెంట్ పూసి 600 డాలర్లు తీసుకున్నారు. రెండు వానలు ఆగింది. తర్వాత పాత కార్లే చేసే ఇంకొకాయన ముందు అద్దం, ఫెండర్లు విప్పి, స్పాట్ వెల్డ్‌లు ఒక్కొక్కటీ డ్రిల్ చేసి తీసి, కొత్త కౌల్, ముందు ఫ్లోర్లు వేశాడు. పార్టుల ఖరీదు కొన్ని వందలే. కూలీ, పెయింటింగ్‌తో బిల్లు 6,800 అయింది. కంపెనీని తిట్టి లాభం లేదు. పదేళ్ళు తిరగాలని చేసిన రేకుని మనం అరవై ఏళ్ళు తిప్పుతున్నాం.

ఇంజిన్ మాత్రం బంగారం. 1966 ఒక్క మోడల్ ఏడాదిలోనే 6 లక్షలకు పైగా మస్టాంగ్‌లు తయారయ్యాయి కాబట్టి నట్టు దగ్గర నుంచి బాడీ మొత్తం దాకా ఇప్పటికీ కొత్తవి దొరుకుతాయి. కార్బురేటర్ కిట్ 45 డాలర్లు. స్పార్క్ కోసం కరెంటు కలిపి విడదీసే పాత పాయింట్లు తీసేసి ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ పెట్టడానికి 120. గంట పని. చలికాలం పొద్దున స్టార్టింగ్ ట్రబుల్ ఆ రోజుతో పోయింది. వేసవిలో ట్రాఫిక్‌లో వేడెక్కుతుంటే రేడియేటర్ పెద్దది వేయించాను, హోస్‌లతో కలిపి 450. వీటికి ముందు చూసుకోవాల్సింది టైమింగ్ చైన్, అంటే ఇంజిన్ వాల్వులు సమయానికి తెరుచుకునేలా క్యామ్ గేరుని తిప్పే గొలుసు. ఆ కాలపు 289లలో ఆ గేరు పళ్ళకి నైలాన్ పూత ఉండేది. పాతబడితే పెళుసుగా మారి విరుగుతుంది. ఆ ముక్కలు ఆయిల్ పంప్ జాలీలో ఇరుక్కుంటే ఇంజిన్‌కి ఆయిల్ అందదు. నేను ఆయిల్ పాన్ విప్పితే అడుగున పసుపు రంగు పలుకులు, ఉప్మాలో శనగపప్పు బద్దల్లా కనిపించాయి. పూర్తి ఇనుప గేరు సెట్ 85 డాలర్లకే వచ్చింది. అమ్మినాయన అది ఎప్పుడు మార్చాడో చెప్పలేకపోతే, మార్చలేదనే లెక్క.

ఇంకో తలనొప్పి వేపర్ లాక్, అంటే వేడికి పెట్రోలు దారిలోనే ఆవిరై ఇంజిన్‌కి అందకపోవడం. ఇక్కడి పెట్రోల్‌లో పది శాతం ఇథనాల్ ఉంటుంది, త్వరగా ఆవిరవుతుంది. జూలైలో బండి ఆపి, పావుగంట తర్వాత మళ్ళీ స్టార్ట్ చేస్తే పలకదు. మా నాన్న గుంటూరు నుంచి వచ్చినప్పుడు గుడి పార్కింగ్‌లో ఇదే జరిగింది. నేను ఫోన్ తీసి వెతుకుతున్నాను. ఆయన బానెట్ ఎత్తమని, ఒక్క చూపు చూసి, "ఒరేయ్, ఇది మన అంబాసిడర్ రోగమే. గుడ్డ తడిపి తీసుకురా" అన్నాడు. ఫ్యుయల్ పంప్ మీద తడి తువ్వాలు కప్పి పది నిమిషాలు ఆగాం. సెల్ఫ్ కొట్టగానే అందుకుంది. తర్వాత పెట్రోలు పైపుని వేడికి దూరంగా జరిపించాను, తగ్గింది. తువ్వాలు మాత్రం ఇప్పటికీ డిక్కీలోనే ఉంటుంది.

బ్రేకుల విషయంలో మాత్రం పిసినారితనం వద్దు. 1966 దాకా మాస్టర్ సిలిండర్ (పెడల్ తొక్కితే చక్రాలకి బ్రేక్ ఆయిల్ తోసేది) ఒకటే గదిది. ఏ ఒక్క చక్రం దగ్గర లీకైనా నాలుగు చక్రాల బ్రేకులూ ఒకేసారి పోతాయి. 1967 నుంచే రెండు గదులది వచ్చింది. నాకు వెనక వీల్ సిలిండర్ లీకై, ఇంటి ముందు రివర్స్ తీస్తుంటే పెడల్ నేల దాకా వెళ్ళిపోయింది. హ్యాండ్‌బ్రేక్ లాగి ఆపాను. అదే హైవే మీద అయ్యుంటే అన్న టెన్షన్‌తో ఆ రాత్రి నిద్ర పట్టలేదు. వారంలో ముందు డిస్క్ బ్రేకులు, రెండు గదుల మాస్టర్ సిలిండర్ పెట్టించాను, 1,100 అయింది. అయినా నడుం బెల్టు తప్ప భుజం మీదుగా వచ్చే బెల్టు లేదు. పెట్రోల్ ట్యాంకు పై రేకే డిక్కీ ఫ్లోర్. అందుకే పిల్లల్ని ఇందులో ఎక్కించను. వాళ్ళు అలుగుతారు, అలగనీ.

మైలేజీ గ్యాలన్‌కి 14 మైళ్ళు వస్తే గొప్ప. ఇన్సూరెన్స్ ముందే విలువ ఒప్పుకుని రాసే క్లాసిక్ పాలసీ, నాకు ఏడాదికి 310 దాకా పడుతోంది. రోజూ ఆఫీసుకి వాడకూడదనేది షరతు. ఇంజిన్ వెనక ఆయిల్‌ని ఆపే మెయిన్ సీల్ తాడులాంటిది, అక్కడ ఆయిల్ కొంచెం కారుతూనే ఉంటుంది. గరాజ్‌లో కింద అట్టముక్క వేసి వదిలేశాను.

చూడటానికి వెళ్ళేవాళ్ళు ముందు వీఐఎన్, అంటే బండి గుర్తింపు నంబరు చదవండి. అయిదో అక్షరం సీ అయితే ఫ్యాక్టరీలోనే 289 రెండు బ్యారెళ్ళ కార్బురేటర్‌తో వచ్చింది. టీ అయితే ఆరు సిలిండర్ల బండి, అందులో వీ8 కనిపిస్తే తర్వాత ఎవరో ఎక్కించారన్నమాట. దానికి వీ8 ధర ఇవ్వకండి. చక్రాలకి నాలుగే నట్లు ఉన్నా అదే అనుమానం. ఆ తర్వాత అమ్మేవాడి ముందే రెండు లీటర్ల నీళ్ళ సీసా తీసి కౌల్‌లో పొయ్యండి, ఒకరిని లోపల కూర్చోబెట్టండి. పొయ్యనివ్వనంటే గొడవెందుకు, ఆ నీళ్ళు తాగి ఇంటికొచ్చెయ్యండి.