‘ప్రూవెన్ పెయిర్’ అని ఫ్లవర్‌హార్న్ అమ్ముతున్నాడా? డబ్బులు పంపే ముందు ఆ వీడియో మళ్లీ ఒకసారి చూడండి

పేరు రాయడం లేదు. ఆదివారం వచ్చిందంటే స్టేటస్ నిండా ‘ప్రూవెన్ పెయిర్, సీరియస్ బయ్యర్స్ మాత్రమే’ అని ఫ్లవర్‌హార్న్ అక్వేరియం చేపల వీడియోలు పెట్టే హైదరాబాద్ అన్న. మన నల్లగొండ జిల్లాలో పెద్ద చేపలు పెంచేవాళ్లలో చాలామందికి ఆయన తెలుసు. నేను కూడా అట్లా తెలిసినవాళ్ల మాట మీదే ఫోన్ చేశాను.

పెయిర్‌కు ఆరున్నర వేలు. మగది మంచి సైజు, తల మీద కోక్ (నుదుటి బొడిపె) బాగా లేచి ఉంది. ఆడది కొంచెం చిన్నది, వెన్ను రెక్క మీద నల్లమచ్చ, పొట్ట నిండుగా ఉంది. ప్రూవెన్ అంటే ఇదివరకే పిల్లలు తీసిన జంట, ఇది రెండుసార్లు తీసింది అన్నాడు. వీడియోలో రెండూ ఒకే ట్యాంకులో పక్కపక్కనే తిరుగుతున్నాయి. ఫ్లవర్‌హార్న్ రెండు ఒకేచోట అంత సాఫీగా తిరగడం ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. అది చూసే డబ్బులు పంపాను.

నాలుగడుగుల ట్యాంకు రెడీ చేసి పెట్టుకున్నాను. నాలుగు బై ఒకటిన్నర బై ఒకటిన్నర, అంటే 250 లీటర్లు పడుతుంది. మధ్యలో పార్టిషన్ కూడా కోయించి పెట్టాను. సీలింగ్ లైట్ల కింద బిగిస్తారు చూడండి, గళ్ల గళ్ల తెల్ల ప్లాస్టిక్ షీటు, అదే. వీడియో కాల్‌లో అది చూసి ఆ అన్న ఒకటే నవ్వు. ‘గిదేందన్నా, జైలు లెక్క? ప్రూవెన్ పెయిర్‌ది. నడుమల అడ్డం పెడితే జంట ఇరుగుతది. రెండిట్ని ఒక్కసారే ఇడిసిపెట్టు’ అన్నాడు. తీసేశాను. నా తెలివికి శాలువా కప్పాలి.

సాయంత్రానికే మగది మట్టికుండ ఉన్న మూల మొత్తం తనదే అన్నట్టు గులకరాళ్లు తవ్వడం మొదలుపెట్టింది. ఒంటి మీద చారలు నల్లబడ్డాయి, మొప్పలు విప్పి తోకతో కొడుతోంది. మధ్యలో రెండూ నోళ్లు పట్టుకుని గుంజుకున్నాయి. ఇక్కడిదాకా టెన్షన్ లేదు. సిక్లిడ్లు (ఫ్లవర్‌హార్న్ కూడా ఈ చేపల కుటుంబమే) అట్లానే ఒకదాని బలం ఒకటి చూసుకుంటాయి, రెక్కలు కాస్త చినిగినా వారంలో వస్తాయి. కానీ తర్వాత ఆడది హీటర్ వెనక ఇరుక్కుని, తల పైకి పెట్టి, రెక్కలు ముడుచుకుని, రంగు మొత్తం పోయి బూడిదలా నిలబడింది. ఓడిపోయిన చేప అట్లా నిలబడుతుంది, గుడ్లు పెట్టబోయేది కాదు. వెంటనే వీడియో తీసి పంపాను. జవాబుగా వాయిస్ మెసేజ్: ‘గది ప్రేమన్నా. లైట్ బంద్ చేసి పండుకో. పొద్దుగాల లేసేసరికి గుడ్లుంటయ్.’

పొద్దున లేచి చూస్తే స్పాంజ్ ఫిల్టర్ నిండా పొలుసులు. ఆడది దాని వెనక పక్కకు వాలి ఉంది. ఒక కన్ను లేదు. తోక ఈనెలు మాత్రమే మిగిలాయి. పెదవి తెల్లగా చీలి వేలాడుతోంది. మగది మాత్రం అద్దం దగ్గరికి వచ్చి మేత కోసం ఊగుతోంది, ఏమీ జరగనట్టు.

సరే, చేపలు చస్తాయి. ఇన్నేళ్లుగా పెంచుతున్నాం, ఆ సంగతి అందరికీ తెలుసు. చేప పోయినందుకు కాదు ఇదంతా రాస్తున్నది, ఆ ఫోన్ కాల్ గురించి.

ఫొటోలు పంపి ఫోన్ చేశాను. ముందు ‘అయ్యో’ కూడా లేదు. ‘మీకు అందినప్పుడు బతికే ఉన్నదా లేదా?’ ఉంది. ‘మరింకేంది? చచ్చి దిగితేనే మనది గ్యారంటీ. దిగినంక మీది.’ నేను గట్టిగానే అడిగాను, పిల్లలు తీసిన జంట అన్నావు కదా, ఒక్క రాత్రిలో ఎట్లా చంపుతుంది అని. అప్పుడు అన్న మాట ఇది: ‘మీ నల్లగొండ నీళ్లకు మనుషులే వంకర్లు పోతరు, చేప బతుకుతదా అన్నా?’ అని నవ్వు. వెనక షాపులో ఇంకెవరో కూడా నవ్వారు.

మా మేనమామది మర్రిగూడ మండలం. ఫ్లోరైడ్ ఉన్న బోరు నీళ్లు తాగి తాగి నడుము వంగి, కర్ర లేకుండా గడప దాటలేకపోయాడు. ఆ మండలంలో ఇట్లాంటి మనిషి లేని ఊరు చెప్పమనండి చూద్దాం. ఆరున్నర వేల చేప అమ్మడానికి, తన అబద్ధం కప్పుకోవడానికి, ఆ మనుషులు ఈయనకు జోకు. అయ్యా, ఫ్లోరైడ్ కన్ను పీకుతుందా? తోక కొరుకుతుందా? ఒకే నీళ్లలో మగది కోక్ ఊపుకుంటూ మేత అడుగుతోంది కదా, దానికేం కాలేదే? పైగా నేను పోసింది బోరు నీళ్లు కూడా కాదు. మిషన్ భగీరథ నీళ్లు, యాంటీ క్లోరిన్ వేసి, రాత్రంతా గాలి కొట్టించినవి. అసలు ఈ చేపల తాతముత్తాతలు సెంట్రల్ అమెరికావి. ఉప్పదనం ఉన్న గట్టి నీళ్లంటే వాటికి ఇబ్బంది లేదు. చేపలు అమ్మే మనిషికి ఇది తెలియదా?

అక్కడితో ఆగలేదు. ‘డబ్బులు తిరిగియ్యి’ అంటే ‘పులుసు పెట్టుకో అన్నా’ అన్నాడు. ఆ తర్వాత, కోపంలోనో నిర్లక్ష్యంలోనో, అసలు నిజం తనే కక్కాడు. ‘వీడియోల నడుమ అద్దం కనబడలేదా నీకు? నేనేమన్న కలిపి ఉంచిన అని చెప్పిన్నా?’

ఫోన్ పెట్టేసి ఆ వీడియో మళ్లీ తీశాను. ఆపి ఆపి చూశాను. నిజమే. ట్యాంకు మధ్యలో సన్నటి గీత, పైనుంచి కిందిదాకా సిలికాన్ అంటించిన గుర్తు. గాలి బుడగలు ఒక పక్కనే లేస్తున్నాయి. మగది ఆడదాని మొహం దాకా వచ్చి ఠక్కున ఆగుతుంది. మొదటిసారి చూసినప్పుడు దాన్ని మర్యాద అనుకున్నాను. ముక్కు అద్దానికి తగిలి ఆగింది. అంటే ఈ రెండూ పుట్టాక ఎప్పుడూ ఒకే నీళ్లలో అడ్డం లేకుండా లేవు. అట్లాంటి రెండింటిని ‘ఒక్కసారే ఇడిసిపెట్టు’ అని చెప్పింది ఈ మనిషే.

ఇంకో మంట ఏంటంటే, ఆడది నిజంగానే గుడ్లతో ఉంది. గుడ్లు పెట్టే గొట్టం మొద్దుగా బయటికి వచ్చి ఉంది. మగదానికైతే అది సన్నగా, మొన తేలి ఉంటుంది. నా గళ్ల షీటు ఉంచి ఉంటే ఆడది దాని పక్కనే రాయి మీదో పలక మీదో గుడ్లు పెట్టేది. ఫిల్టర్ నీటి తోపు మగదాని వైపు నుంచి ఆడదాని వైపుకు ఉంటే చాలు, మగది అవతలి నుంచే పని కానిస్తుంది. చాలామంది బ్రీడర్లు పిల్లలు తీసేదే ఇట్లా. 28 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజుల్లో గుడ్లు పగులుతాయి, ఇంకో నాలుగైదు రోజులకు పిల్లలు ఈదడం మొదలుపెడతాయి. పార్టిషన్ పెడితే జంట విరగడం కాదు, జంట బతుకుతుంది. చెరువులోనో నదిలోనో అయితే ఓడిన చేప ఈదుకుంటూ దూరం పోతుంది. నాలుగడుగుల గాజు పెట్టెలో ఎక్కడికి పోతుంది? నిజంగా కుదిరిన జంటే అయినా ట్యాంకు మారగానే మగది కొత్త జాగా కోసం మళ్లీ కొట్లాట మొదలుపెట్టవచ్చు. ఈ సంగతి వ్యాపారం చేసే ప్రతివాడికీ తెలుసు.

ఇక ‘ప్రూవెన్’ సంగతి. ఫ్లవర్‌హార్న్ అంటే 1990లలో మలేషియాలో రకరకాల సిక్లిడ్లను కలిపి తయారు చేసిన సంకర జాతి. మగవాటిలో చాలావాటికి పిల్లలు పుట్టవు, కోక్ ఎంత పెద్దదైనా సరే. ఆడది గుడ్లు పెట్టినా ఒకటి రెండు రోజుల్లో అన్నీ తెల్లబడిపోతాయి. కాబట్టి ప్రూవెన్ అంటే పిల్లలు కనపడాలి. నేను పిల్లల ఫొటో అడిగితే ‘డిలీట్ అయినయ్ అన్నా’ అన్నాడు. పాపం.

కొనేవాళ్లు ఇంత చేయండి చాలు. లైవ్ వీడియో కాల్‌లో రెండింటి మధ్య చెయ్యి పెట్టి నీళ్లలో అటూ ఇటూ తిప్పమనండి. పిల్లలతో కలిపి తీసిన వీడియో అడగండి. ఇంటికి వచ్చాక ఎవరు ఏం చెప్పినా వెంటనే పార్టిషన్ తీయొద్దు. తీసిన రోజు మీరు ఎదురుగా కూర్చుని ఉండండి, ఆడది మాత్రమే దూరే సైజు పీవీసీ పైపు ముక్క ఒకటి వేయండి, పడుకోబోయే ముందు మళ్లీ అడ్డం పెట్టేయండి.

నన్ను బ్లాక్ చేశాడు. నిన్న మిర్యాలగూడ ఫ్రెండ్ ఫోన్‌లో ఆయన స్టేటస్ చూశాను. అదే వీడియో, అవే రెండు చేపలు, ‘ప్రూవెన్ పెయిర్, ఒక్కటే మిగిలింది, ఏడు వేలు’. వాటిలో ఒకటి చచ్చింది, రెండోది నా ట్యాంకులో ఉంది. దానికి ఎవరైనా అడ్వాన్స్ పంపి ఉంటే ఇవాళే వెనక్కి అడగండి.