గ్రంథాలయ కంప్యూటర్‌లో సొంత ఫైళ్లు: ఏళ్ల తరబడి వాడాక

సమాచారం వెతకడానికి, దరఖాస్తులు నింపడానికి గ్రంథాలయ కంప్యూటర్లకు నేను వంక పెట్టను. ఇన్నేళ్లుగా వాడుతున్నాను, ఆ పనులకు బాగానే ఉన్నాయి. సొంత ఫైళ్లు తెరిచి కూర్చున్నప్పుడే చిక్కంతా.

అక్కడ ఏదీ నిలవదు. చాలాచోట్ల డీప్ ఫ్రీజ్ లాంటి సాఫ్ట్‌వేర్ ఉంటుంది. రీస్టార్ట్ కాగానే కంప్యూటర్ పాత స్థితికి వెళ్లిపోతుంది, డెస్క్‌టాప్ మీద దాచిన ఫైలు రీసైకిల్ బిన్‌లో కూడా మిగలదు. మన కాగితాలు తర్వాత వచ్చేవారి కంటబడకూడదు కదా, ఆ ఏర్పాటును తప్పుపట్టలేను. నా కోపమల్లా మనకిచ్చిన సమయాన్ని లెక్కపెట్టే గడియారం మీద. గడువు ముగిసిందంటే, సేవ్ చేశారా లేదా అని చూడకుండా తెర మూసేస్తుంది. వాక్యం మధ్యలో ఉన్నా సరే.

పోనీ పెన్‌డ్రైవ్ వాడదామంటే కొన్నిచోట్ల పోర్టులే పనిచేయనివ్వరు. పనిచేసే చోట వైరస్ భయం. వెరాక్రిప్ట్ అనే సాఫ్ట్‌వేర్‌తో తాళం వేసి తీసుకెళ్తే అసలు తెరుచుకోదు, దానికి కంప్యూటర్ నిర్వాహకుడి (అడ్మిన్) అనుమతి కావాలి. ఆ అనుమతి పాఠకుడికి ఎవరిస్తారు? మైక్రోసాఫ్ట్ వారి బిట్‌లాకర్‌తో తాళం వేసిన డ్రైవ్ అయితే విండోస్‌లో పాస్‌వర్డ్ కొడితే చాలు.

తెలుగు ఫైళ్లది ఇంకో గోల. పాత అను ఫాంట్లలో టైప్ చేసినవి అక్కడ ఇంగ్లిష్ అక్షరాలు, గుర్తుల కలగూరగంపలా కనిపిస్తాయి. ఫాంటు వేసుకునే వీలుండదు. యూనికోడ్ ఫైలు చదవడానికి ఇబ్బంది లేదు గానీ, మనం వాడిన గౌతమి అక్కడ లేకపోతే మరో ఫాంటు వచ్చి చేరుతుంది, పేజీలు జరిగిపోతాయి. విండోస్ 10 నుంచి గౌతమి విడిగా చేర్చుకోవాల్సిన ఫాంటు మరి. అందుకే ప్రింటు తీయాల్సినదాన్ని ముందే పీడీఎఫ్‌గా మార్చి తీసుకెళ్తాను.

గూగుల్ డ్రైవ్ లాంటి క్లౌడ్‌లో దాచుకోవడమే అన్నిటికంటే నయం, ఓటీపీ కోసం ఫోను చేతిలో ఉంటే. లాగౌట్ చేసేలోపు గడువు ముగిస్తే, గూగుల్ ఖాతాలోని పరికరాల జాబితా తెరిచి ఫోను నుంచే ఆ కంప్యూటర్‌ను తొలగించవచ్చు. బ్రౌజర్‌లోని ఇన్‌కాగ్నిటో విండో మీద మాత్రం నాకు నమ్మకం లేదు. మనం చూసిన పేజీల చరిత్రను అది కంప్యూటర్‌లో మిగల్చదు, అంతే. మీటలు నొక్కేది పసిగట్టే కీలాగర్‌ను అది ఆపలేదు. బ్యాంకు స్టేట్‌మెంట్లు, గుర్తింపు కార్డుల స్కాన్లు నేను అక్కడ తెరవను.

ప్రింటు ఇచ్చినప్పుడు ఫైలు పేరు సాధారణంగా కౌంటరులోని తెర మీద కనిపిస్తుంది. వైద్య పరీక్షల కాగితాల వంటివి తప్పనిసరైతే, ఇంట్లోనే పేరు మార్చి తీసుకెళ్లండి.