ఫెట్ సర్క్యూట్ కిట్: నీలం చుక్కలు భేష్, బ్యాటరీ దగ్గరే పేచీ

"సార్, ముందున్న బల్బు కరెంటు తినేస్తే వెనకదానికి తక్కువే కదా వచ్చేది?" పదో తరగతికి విద్యుత్తు పాఠం చెప్పే ప్రతి ఒక్కరికీ ఈ ప్రశ్న ఎదురయ్యే ఉంటుంది. బోర్డు మీద ఎన్ని బాణాలు గీసినా పిల్లలు తలలూపుతారు, పరీక్షలో మళ్లీ అదే రాస్తారు. కొలరాడో విశ్వవిద్యాలయం వాళ్లు ఉచితంగా ఇస్తున్న ఫెట్ (PhET) సిమ్యులేషన్లలో, అంటే కంప్యూటర్ తెర మీద చేసే ప్రయోగాల్లో, సర్క్యూట్ కిట్‌ను నేను ఇన్నేళ్లుగా వదలకపోవడానికి కారణం ఈ ఒక్క ప్రశ్నే.

స్విచ్ వేయగానే తీగల్లో నీలం చుక్కలుగా ఎలక్ట్రాన్లు కదులుతాయి. బల్బుకు ముందు ఎంత వేగమో, బల్బు దాటాకా అంతే. రెండు వైపులా కరెంటు కొలిచే అమ్మీటర్ పెడితే ఒకటే రీడింగు. పిల్లల ముఖాల్లో ఆ ఆశ్చర్యం చూడటం నాకు ఇప్పటికీ ఇష్టం. అయితే స్విచ్ వేసే ముందు ఏమవుతుందో ఎవరి నోట్సులో వాళ్లు రాయాలి. ఆ పని చేయించకపోతే అది బొమ్మల సినిమా చూసినట్టే, గంట కొట్టగానే మర్చిపోతారు.

మా జిల్లా పరిషత్ హైస్కూల్లో నెట్ ఒకరోజు ఉంటే ఇంకోరోజు ఉండదు. సిమ్యులేషన్ ఫైలును ముందే దించుకుని పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుంటే తరగతి గదిలోని డిజిటల్ ప్యానెల్ మీద నెట్ లేకుండానే నడుస్తుంది.

పేచీ సమాంతర సంధానం దగ్గర, అంటే ఒకే బ్యాటరీకి బల్బులను విడివిడి దారుల్లో కలిపే చోట వచ్చింది. తెర మీద 9 వోల్టుల బ్యాటరీకి ఒక బల్బు, దాని పక్కన ఇంకోటి సమాంతరంగా తగిలించాం. మొదటి బల్బు వెలుగు ఏమాత్రం తగ్గలేదు. మర్నాడు ల్యాబ్‌లో అదే ప్రయోగం టార్చి బల్బులు, కాస్త పాతబడ్డ సెల్లులతో చేయించాను. రెండో బల్బు తగిలించగానే మొదటిది మసకబారింది. "సార్, ప్యానెల్లో ఇలా రాలేదే! మన సెల్లులు తప్పు చూపిస్తున్నాయి" అన్నారు. చేతిలో ఉన్న వస్తువును కాదని తెరను నమ్మడం చూసి నాకు నిజంగా దిగులేసింది. సైన్సు గదిలో జరగకూడనిది అదే.

ఆ దిగులు తీర్చిందీ ఈ కిట్టే. కిట్‌లో 'ల్యాబ్' అనే తెరలో బ్యాటరీ అంతర్నిరోధం (బ్యాటరీ లోపలే కరెంటుకు ఉండే అడ్డంకి) మార్చే మీట ఉంది. కదిలించకపోతే బ్యాటరీ దాదాపు అంతర్నిరోధమే లేని ఆదర్శ బ్యాటరీలాగే ప్రవర్తిస్తుంది. దాన్ని 5 ఓంలకు జరిపించి, 10 ఓంల బల్బుతో లెక్క కట్టమన్నాను. ఒక్క బల్బుంటే 0.6 ఆంపియర్లు. రెండుంటే బ్యాటరీ నుంచి మొత్తం 0.9, ఒక్కో బల్బుకు 0.45. స్విచ్ వేస్తే తెర మీదా బల్బు మసకబారింది. ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి "అంటే సెల్లు లోపల కూడా ఒక రెసిస్టర్ ఉన్నట్టే కదా సార్" అంది. అంతర్నిరోధాన్ని అంతకంటే బాగా నేను చెప్పలేను.

అప్పటి నుంచి క్రమం మార్చాను. ముందు సెల్లులు, తీగలు పిల్లల చేతికిస్తాను. ప్యానెల్ ఆ తర్వాతే. లూజు కాంటాక్టు వెతకడం, తుప్పు గీకడం తెర నేర్పదు. తెర మీద షార్ట్ చేస్తే బ్యాటరీ నుంచి మంటలొస్తాయి, రీసెట్ కొడితే అంతా మామూలే. పిల్లలకు అదో పండగ. ఇంట్లో ప్లగ్గు దగ్గర మాత్రం ఆ ఆటలు వద్దని ప్రతిసారీ గట్టిగా చెప్పాల్సిందే.

నిండా పిల్లలున్న తరగతి, ఒకే ప్యానెల్, అరకొర ల్యాబ్ సామాను ఉన్న నాలాంటి వాళ్లకు ఇది చాలా విలువైనది. జట్టుకో సెట్టు సరిపడా మీటర్లు, బల్బులు ఉన్న బడిలో అయితే ఆ నీలం చుక్కల కోసం ఒక్క పీరియడ్ కేటాయిస్తే చాలు. మిగతా పీరియడ్లు ల్యాబ్‌కే ఇస్తాను.