బొబ్బిలి వీణ: మైనం మెట్లతో ఇన్నేళ్ల కాపురం

వీణ కొనాలనుకునేవాళ్లు నన్ను ముందుగా అడిగేది కర్ర గురించే. పనసేనా, ఏకాండేనా (అంటే అంతా ఒకే మానులో చెక్కిందేనా), మాను ఎన్నాళ్లు ఎండబెట్టారు, ఇలా. ఆ సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, నేను మైనం గురించి చెబుతాను. దండి (వీణ పొడుగాటి మెడ) మీద రెండు అంచుల వెంట కాటుకలా నల్లగా సాగే గట్లు, వాటిలో ఆనించిన 24 మెట్లు, అంటే తీగను నొక్కే లోహపు కమ్మీలు. నా బొబ్బిలి వీణ మీద నాకు ఇంత మమకారం ఉండటానికి కారణం ఆ మైనమే. నన్ను ఒకసారి ఏడిపించిందీ అదే.

వీణ బొబ్బిలి పక్కన గొల్లపల్లిలో చేసినది. సంగీత కళాశాలలో చదివేటప్పుడు నాన్న కొనిచ్చారు. పెళ్లయ్యాక ఊళ్లు మారాం, బీరువా అమ్మేశాం, డైనింగ్ టేబుల్ ఎవరికో ఇచ్చేశాం, ఇది మాత్రం వెంటే వచ్చింది. ఇప్పుడు విజయనగరంలో ఇంట్లోనే పిల్లలకు పాఠాలు చెబుతున్నాను. రోజూ సాయంత్రం అది మోగాల్సిందే. గోడకు ఆనించి దసరాకి బొట్టుపెట్టే వీణ కాదు.

గిటార్‌కి మెట్లు కర్రలో గాడి కోసి దిగ్గొట్టేస్తారు. ఇక అవి కదలవు. వీణకు అలా కాదు. తేనెమైనంలో మసి, గుగ్గిలం కలిపి కాచి, ఆ ముద్దను గట్లుగా పెట్టి, ఒక్కో మెట్టునూ అందులో ఆనించి, తీగ మీటి వింటూ అటో ఇటో జరిపి, స్వరం కుదిరిన చోట వదిలేస్తారు. మేళం కట్టడం అంటే ఇదే. కొలతతో మొదలుపెట్టినా తీర్పు చెవిదే. పంచమం తీగను (రెండో తీగ) ఐదో మెట్టు మీద నొక్కితే వచ్చే షడ్జమం, విడిగా మీటిన సారణి (మొదటి తీగ) షడ్జమం ఒక్కటైపోవాలి. సారణి మీద పన్నెండో మెట్టు తారషడ్జమం (పై స) కావాలి. ఇలా ఒక తీగకు ఇంకో తీగ చేత సాక్ష్యం చెప్పించుకుంటూ పోవాలి. కుదరకపోతే మైనాన్ని కాస్త వేడి చేసి మెట్టును మళ్లీ జరపడమే.

మా గురువుగారికి సాధారణ గాంధారం (మూడో మెట్టు మీది స్వరం) వెంట్రుకవాసి తగ్గి ఉంటేనే ఇష్టం. నా వీణకు మొదటిసారి మేళం మార్పించినప్పుడు ఆయనే పక్కన కూర్చుని, మూడో మెట్టును యాళి (దండి కొసన ఉండే సింహంలాంటి తల) వైపు "ఇంకొంచెం, ఇంకొంచెం" అని జరిపించారు. మేస్త్రి విసుక్కున్నా వదల్లేదు. ఆయన పోయి చాలా ఏళ్లయింది. మేళం మార్చిన ప్రతిసారీ ఆ మెట్టును నేను మళ్లీ అక్కడికే జరిపిస్తాను. మరలతో బిగించిన మెట్ల వీణలో ఈ సౌకర్యం ఎక్కడిది?

వైణికుడు చిట్టిబాబు గారి రికార్డు ఫోన్లో వినిపించి, "బొబ్బిలి వీణకి ఈ నాదం వస్తుందా అండీ?" అని అడిగేవాళ్లుంటారు. ఆ నాదం చేతిది, వీణ మేకర్ దగ్గర దొరకదు. మైనానికి అందులో ఉన్న పాత్ర కొంచెమే. మెట్టు గట్టిగా, సరైన ఎత్తులో నిలబడితే తీగ ఎక్కడా గిర్రుమనకుండా పొడుగ్గా పలుకుతుంది, అంతవరకే.

ఇక ఆ బస్సు గొడవ చెబుతాను.

ఒక వేసవిలో విజయవాడలో అన్నమయ్య జయంతికి గుడిలో కార్యక్రమం ఒప్పుకున్నాం. వైశాఖ పౌర్ణమికి బెజవాడ ఎండ ఎలా ఉంటుందో వేరే చెప్పక్కర్లేదు. పిల్లలకు వీణలు అక్కడే సర్దుతామన్నారు. నాది నేనే తీసుకెళ్లాలి. రాత్రి బస్సులో నాకో సీటు, వీణకో సీటు డబ్బు కట్టి మరీ తీసుకున్నాను. తీరా ఎక్కి చూస్తే వీణ సీట్లో ఒక పెద్దాయన దుప్పటి కప్పుకుని నిద్రపోతున్నారు. సీటు ఇద్దరికి అమ్మారట. క్లీనర్‌తో వాదించాను, డ్రైవర్‌తో వాదించాను. డబ్బులు వెనక్కి ఇస్తామన్నారు (ఇంకా ఇస్తూనే ఉన్నారు). చివరికి వీణ కింద డిక్కీలోకి వెళ్లింది, అదీ ఇంజన్ పక్కన ఉన్న అరలోకి. "మీద ఏమీ పెట్టం మేడమ్, నాదీ పూచీ" అన్నాడు క్లీనర్.

ఏలూరు చేరకముందే బస్సు ఆగిపోయింది. ఇంకో బండి వస్తుందన్నారు, రాలేదు. ఇదే ఎలాగో బాగుపడి కదిలేసరికి ఎండ బాగా ఎక్కింది. విజయవాడలో డిక్కీ తెరిస్తే నా వీణ మీద రెండు సూట్‌కేసులు, వాటి మీద మామిడిపళ్ల పెట్టె.

సంచి విప్పి చూస్తే పైకి దెబ్బేమీ లేదు. యాళి ముక్కు కూడా చెక్కుచెదరలేదు. హమ్మయ్య అనుకుని మా తమ్ముడి ఇంట్లో కూర్చుని శ్రుతి చేసి, మోహన రాగంలో ఆరోహణ వాయించాను. షడ్జమం బాగుంది, రిషభం బాగుంది. గాంధారం నొక్కితే మధ్యమం పలికింది.

మోహనలో అసలు మధ్యమమే ఉండదు. మళ్లీ మీటాను. మళ్లీ అదే మధ్యమం, స్పష్టంగా. ఆ క్షణంలో నా చెవే చెడిపోయిందేమో అని టెన్షన్ పట్టుకుంది.

జరిగింది ఇది. డిక్కీ వేడికి మైనం మెత్తబడింది. పైన సూట్‌కేసుల బరువు తీగలను మెట్ల మీదికి నొక్కింది. మెట్లు మైనంలోకి కుంగాయి. నాలుగో మెట్టు నుంచి తొమ్మిదో మెట్టు దాకా ఒక్కోటి ఒక్కో లోతుకి. అంతర గాంధారం (మోహనలో వచ్చే గాంధారం) మెట్టు బాగా దిగిపోయింది, పక్కన శుద్ధ మధ్యమం మెట్టు అంతగా దిగలేదు. ఇక గాంధారం దగ్గర తీగను ఎంత నొక్కినా అది ముందు పక్క మెట్టుకే తగులుతుంది, మధ్యమమే పలుకుతుంది. ధైవతం దగ్గరా అదే తంతు, నొక్కితే నిషాదం. పంచమం అయితే ఏదీ కాకుండా బుర్రుమంటోంది.

కార్యక్రమం సాయంత్రం ఆరింటికి. ఊళ్లో వీణలు బాగుచేసే మనిషి కోసం ఫోన్లు చేస్తే, ఒకాయన దొరికి రేపు పొద్దున రమ్మన్నారు. ఇంకో వీణ అడగొచ్చు. కానీ పరాయి వీణ మీద మెట్ల ఎత్తు, తీగల బిగువు చేతికి అలవాటయ్యేసరికి తెల్లారుతుంది.

అప్పుడు మా మరదలు లోపల్నుంచి వచ్చి, "వదినా, నా హెయిర్ డ్రయ్యర్ పనికొస్తుందేమో చూడు" అంది. సంగీతం ఆమెకు పట్టదు. మైనం అన్న మాట విని తెచ్చింది, అంతే. తీగలు వదులు చేసి పక్కకు తప్పించాం. మెట్టుకు రెండు కొసల దగ్గర మైనానికి మాత్రం గాలి తగిలేలా తను డ్రయ్యర్ పట్టుకుంటే, నేను పల్చటి స్క్రూడ్రైవర్‌కి గుడ్డ చుట్టి మెట్టును కింది నుంచి మెల్లగా లేపాను. వేడి ఎక్కువైతే పక్క మెట్టు కూడా కదులుతుంది, తక్కువైతే మైనం పెళుసుగా విరుగుతుంది. లేపాక తడిగుడ్డతో చల్లార్చి, తీగ మళ్లీ బిగించి, తంబురా యాప్ పెట్టుకుని విని, మళ్లీ వదులు చేసి జరిపి... ఒక్క గాంధారానికే గంట పైన పట్టింది.

అన్నిటికీ టైమ్ లేదని అప్పుడే తేలిపోయింది. మోహనకు కావలసినవే చూసుకున్నాం. కుంగిన వాటిలో గాంధారం, పంచమం, ధైవతం, మూడే మెట్లు. మంద్ర (కింది స్థాయి) ధైవతం పంచమం తీగ మీద రెండో మెట్టు దగ్గర వస్తుంది, అది క్షేమంగానే ఉంది కాబట్టి బతికిపోయాం. గాంధారం మీద నాకు పూర్తి నమ్మకం కుదరక, చాలా చోట్ల రిషభం మెట్టు మీదే తీగను పక్కకు లాగి గాంధారం పలికించాను. వీణలో ఆ దారి ఎప్పుడూ ఉంటుంది. ఆ సాయంత్రం నా వంతు అంతా మోహనే. మిగతా రాగాల కీర్తనలన్నీ పిల్లలు వాయించారు, వాళ్ల తల్లిదండ్రులు పరమానందపడ్డారు.

మా కాలేజీలో పాఠంగా చదివిన ఒక మాట ఆ రాత్రి గుర్తొచ్చి నవ్వుకున్నాను. 16వ శతాబ్దంలో, హంపీ విజయనగరం రోజుల్లో రామామాత్యుడు వీణల గురించి రాస్తూ ఏకరాగ మేళ వీణ, సర్వరాగ మేళ వీణ అని తేడా చెప్పాడు. మొదటిదానికి ఒక్క రాగానికి సరిపడా మెట్లే ఉంటాయి, రాగం మారితే మెట్లు జరుపుకోవాలి. 17వ శతాబ్దంలో తంజావూరు రఘునాథ నాయకుడి కాలానికి 24 మెట్ల సర్వరాగ మేళం స్థిరపడి, ఇప్పుడు మనం వాయించే రూపం వచ్చింది. నా వీణను మా మరదలి హెయిర్ డ్రయ్యర్ ఒక్క పూటకి మళ్లీ వెనక్కి తీసుకెళ్లింది.

తిరిగొచ్చాక గొల్లపల్లి తీసుకెళ్తే మేస్త్రిగారు మెట్ల మీద వేలు రాసి చూసి, "ఏటమ్మా ఇది, దీని మీద ఎవులైనా కూకున్నారేటి?" అన్నారు. మొత్తం మైనం తీసేసి కొత్త మేళం కట్టారు. ఈసారి గుగ్గిలం పాలు కొంచెం పెంచానన్నారు, గట్టిగా ఉంటుంది, ఎండకు తొందరగా లొంగదట. పాత మెట్ల మీద సారణి కింద పడిన గాళ్లను ఆకురాయితో రుద్ది సాపు చేశారు. కర్రకి ఏమీ కాలేదు. నా పక్షపాతానికి మూలం ఇక్కడే ఉంది. అంత దెబ్బ తిన్న వీణ, పాత మైనం గీకి కొత్తది పెడితే మళ్లీ మొదటి రోజులా పలికింది. మూడో మెట్టు దగ్గర నేను "ఇంకొంచెం" అంటుంటే ఆయనా విసుక్కున్నారు.

మైనం మెట్లకు ఖర్చు లేదు, కష్టం లేదు అని ఇదివరకు అడిగినవాళ్లందరికీ చెప్పేదాన్ని. ఖర్చు మరీ ఎక్కువ కాదు అంటే సరిపోతుంది. రోజూ వాయించే వీణకి రెండు మూడేళ్లకోసారి మేళం చూపించుకోవాలి. అప్పుడు వీణ ఇంట్లో ఉండదు, పాఠాలు ఆగుతాయి. యాళికి దూరంగా, గుర్రం (తీగలు ఆనే దిమ్మ) వైపు ఉండే చివరి మెట్లు నా వీణకి అప్పుడప్పుడు లేస్తుంటాయి. వేలితో నొక్కి సర్దేస్తాను, దాన్ని రిపేరు లెక్కలో వేసుకోను. అన్నిటికన్నా కింది స్వరం పలికే అనుమంద్రం తీగ కొన్ని నెలల్లో గిర్రుమంటుంది. అది మైనం తప్పో, వానాకాలం తప్పో, గుర్రం మీది ఇత్తడి రేకు తప్పో మేస్త్రిగారికీ నాకూ ఇంకా రాజీ కుదరలేదు.

మా దగ్గర ఒక పాపకు మరలతో బిగించిన మెట్ల వీణ ఉంది. వాళ్ల నాన్న బదిలీల ఉద్యోగం వల్ల అది లారీల్లో, రైళ్లలో తిరిగింది. ఒక్క మెట్టూ కదల్లేదు. నా వీణ గొల్లపల్లిలో ఉన్న రోజుల్లో ఆ వీణ మీదే పాఠాలు నడిచాయి, ఆ మాట దాచను. నాకు మాత్రం దాని సాధారణ గాంధారం దగ్గర చెయ్యి ఆగిపోతుంది. పాపకు అలాంటి పట్టింపు లేదు, చక్కగా వాయిస్తోంది.

కాబట్టి నా సలహాను నా పరిస్థితితో కలిపి చూసుకోండి. నాకు బొబ్బిలి దగ్గర, పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేయొచ్చు. కచేరీలు తక్కువ, ప్రయాణాలు ఇంకా తక్కువ. ఇలా ఉన్నవాళ్లు మైనం మెట్ల ఏకాండి వీణ కళ్లు మూసుకుని కొనుక్కోవచ్చు. డల్లాస్‌లో ఉన్న నా పాత విద్యార్థిని కొనమంటావా అని అడిగితే మాత్రం తటపటాయించాను. అక్కడ చలికాలం హీటర్ల పొడిగాలికి కర్ర బిగుసుకుంటుంది, చలికి మైనం పెళుసెక్కి మెట్లు ఊడతాయి, కట్టే మనిషి దగ్గర్లో దొరకడు. మైనం మీద పని నేర్చుకునే ఓపిక ఉంటే తీసుకో, లేదా మరల మెట్లది చూసుకో అన్నాను. ఆమె ఇంకా ఏదీ కొనలేదు.

కొనేవాళ్లు వీణ చేతికివ్వగానే కీర్తన ఎత్తుకోకండి. సారణి మీద 24 మెట్లూ ఒక్కొక్కటిగా నొక్కి మీటండి, పక్క స్వరం పలుకుతోందేమో వినండి. మైనంలో గుగ్గిలం ఎంత వేశారో, మీ ఊరి ఎండకు తట్టుకుంటుందో అడగండి. మెత్తటి సంచి ఇస్తామంటే వద్దని, గట్టి పెట్టె చేయించుకోండి. నాది ఇప్పుడు ప్లైవుడ్ పెట్టెలో ఉంటోంది. బరువు ఎక్కువే, మా ఆయన ఎత్తలేక సణుగుతుంటారు.