చేపల లైన్లో స్లీపర్ క్యాబిన్: ఏళ్ల తరబడి వాడాక

కైకలూరు నుంచి హౌరాకు కొల్లేరు చేపల లోడు తోలే లైన్లో చాలా ఏళ్లుగా ఉన్నాను. ఐసు కరిగేలోపు మార్కెట్‌కు చేరాలి కాబట్టి బండికి ఇద్దరు డ్రైవర్లం ఉంటాం. ఒకరు తోలుతుంటే ఇంకొకరు పడుకోవాలి. దారి వెయ్యి కిలోమీటర్లకు పైనే, మా నిద్రంతా దాదాపు నడిచే బండిలోనే. అందుకే క్యాబిన్లో పడుకునే బెర్త్ ఉన్న స్లీపర్ బండి కొనాలా అని ఎవరడిగినా నేను ముందు ఒకటే అడుగుతాను: మీరు బండి ఆపి పడుకుంటారా, నడుస్తుండగా పడుకుంటారా? ఈ రెంటికీ కావలసిన క్యాబిన్లు వేరు.

కంపెనీల పేర్లు రాయను. నేను తోలిన క్యాబిన్ల రకాల గురించే చెబుతాను.

మొదట చాలాకాలం తోలింది షెడ్డులో కట్టించిన క్యాబిన్. కంపెనీ నుంచి ఇంజను, అద్దం చట్రం ఉన్న ఛాసిస్ (బండి అడుగు చట్రం) మాత్రమే వచ్చేది. మిగతాదంతా ఆటోనగర్‌లో చెక్క, రేకుతో కట్టేవాళ్లు. జాగా విషయంలో దానికి వంక పెట్టలేం. సీట్ల వెనక నిండుగా బల్ల, దాని మీద పరుపు, దుప్పట్లకూ గిన్నెలకూ అరలు. ఓనరు ఎంత వెడల్పు అడిగితే అంత వచ్చేది. కానీ ఇంజను మన రెండు సీట్ల మధ్యే, బానెట్టు కింద ఉంటుంది. రోహిణి కార్తెలో ఒడిశా దాటేటప్పుడు ఆ వేడి కాళ్లకే కాదు, వెనక పడుకున్నవాడి వీపుకూ తగులుతుంది. క్యాబిన్‌ను నేరుగా ఛాసిస్‌కే బిగిస్తారు కాబట్టి చక్రాల మీది కమాను కట్టలు ఆపలేక వదిలేసిన ప్రతి దెబ్బా ఒంటి మీదికే వస్తుంది. అంత వెడల్పు పరుపు మీద కూడా జల్లెడలో వేసి కుదిపినట్టే ఉండేది. తెల్లారి స్టీరింగు అందుకునే సరికి కళ్లు మండేవి.

మధ్యలో కొన్నాళ్లు స్లీపర్ లేని డే క్యాబిన్ తోలాను. దాని గురించి చెప్పడానికేం లేదు. రాత్రి ప్రయాణం ఉన్న ఏ లైనుకూ అది పనికిరాదు.

ఇప్పుడున్నది ఫ్యాక్టరీ స్లీపర్. బెర్త్ సన్నగా ఉందని మొదట్లో అందరూ పెదవి విరిచారు. నిజమే, షెడ్డు బల్ల కంటే సన్నం. కానీ క్యాబిన్ నాలుగు మూలలా స్ప్రింగుల మీద కూర్చుంటుంది, ఛాసిస్ ఊపు సగానికి సగం అక్కడే ఆగిపోతుంది. మన లారీల్లో డ్రైవరు కూర్చునేది ముందు చక్రాల మీదే. ముందు ముక్కు లేదు, గుంత వస్తే మొదట తెలిసేది మనకే. అలాంటి బండిలో నిద్ర పట్టాలంటే పరుపు మందం కంటే ఆ స్ప్రింగులే ముఖ్యమని వాడాకే తెలిసింది. సన్న బెర్త్ మీద నాలుగు గంటలు పడుకుంటే చాలు, తేటగా లేస్తున్నాను. షెడ్డు బల్ల మీద ఆరు గంటలు పడుకున్నా అలా ఉండేది కాదు.

ఇబ్బందులూ ఉన్నాయి. ఇంజను చూడాలంటే క్యాబిన్ మొత్తం ముందుకు వంచాలి. అర్ధరాత్రి బెల్టు తెగితే పడుకున్నవాడు కిందికి దిగాల్సిందే. నీళ్ల క్యానూ, పొయ్యీ, సంచులూ అన్నీ దించకపోతే వచ్చి అద్దం మీద పడతాయి. వానలో ఆ పని నరకం. ఇంకోటి, బెర్త్ అడ్డంగా ఉంటుంది కాబట్టి గట్టిగా బ్రేకు వేస్తే మనిషి సీట్ల మీదికి దొర్లుతాడు. చాలా బండ్లలో దానికి వలగానీ బెల్టుగానీ ఉండదు, ఉన్నా ఎవరూ కట్టుకోరు. నేను మాత్రం కట్టకుండా పడుకోను, నా పార్టనర్‌నూ పడుకోనివ్వను. ఎదురు బండ్లు రాసుకునేది కుడి పక్కే కాబట్టి తల ఎడమ పక్కకే పెడతాను.

ముక్కు ఉన్న అమెరికా లారీల వీడియోలు చూసి, అంత పెద్ద గది మనకెందుకు ఇవ్వరని కుర్ర డ్రైవర్లు అడుగుతుంటారు. అక్కడ 1982లో చట్టం మార్చి, పెద్ద హైవేల మీద మొత్తం బండి పొడవు కాకుండా ట్రైలర్ పొడవునే లెక్కలోకి తీసుకోవడం మొదలుపెట్టారు. దాంతో ట్రైలర్‌ను లాగే ముందు బండి ఎంత పొడవున్నా లోడు తగ్గే బాధ పోయింది, మన లారీల్లా ముక్కు లేకుండా ఇంజను మీదే క్యాబిన్ ఉండే క్యాబ్ ఓవర్ బండ్లు వెనకబడ్డాయి. మన దగ్గర రిజిడ్ లారీ (ట్రైలర్ లేకుండా ఒకే ఛాసిస్ మీద ఉండేది) మొత్తం పొడవు 12 మీటర్లు దాటకూడదు. క్యాబిన్‌కిచ్చిన ప్రతి అడుగూ బాడీలో తగ్గుతుంది. డే క్యాబిన్ మీద ఓనర్లకు మోజు అక్కడి నుంచే వస్తుంది. ఆ అడుగు సరుకు కిరాయి లెక్కలో కనిపిస్తుంది, డ్రైవరు నిద్రలేమి ఏ లెక్కలోనూ కనిపించదు. 2025 దాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్ట్ వర్కర్స్ చట్టం రోజుకు ఎనిమిది గంటలే పని అని చెప్పేది. మా లైన్లో దాన్ని పాటించిన బండిని నేనైతే చూడలేదు. కనీసం పడుకునే చోటైనా సరిగ్గా ఇవ్వాలని ఓనర్లతో గట్టిగానే వాదిస్తుంటాను.

భద్రత మాటకొస్తే ఫ్యాక్టరీ క్యాబిన్ వైపే నా ఓటు. ముందు ముక్కు లేని బండిలో గుద్దు నేరుగా మోకాళ్ల దగ్గరికే వస్తుంది. గుద్దుకున్నాక లోపలి మనిషికి బతికే జాగా మిగులుతుందా అని పరీక్షించడానికి మనకు ఏఐఎస్-029 అనే ప్రమాణం ఉంది. కొనేటప్పుడు ఆ మాట అడగండి. చెక్క, రేకు క్యాబిన్ల పాత రోజుల్లో ఎవరూ అడిగేవారు కాదు.

షోరూములో బెర్త్ చూసి ఊరుకోకండి, చెప్పులు విప్పి ఎక్కి పడుకోండి. టేపు పట్టుకెళ్లండి. అమెరికాలో బెర్త్ కనీసం 75 అంగుళాల పొడవు, 24 అంగుళాల వెడల్పు ఉండాలని రూలు. ఆ కొలతతో పోల్చి చూడండి. ఖాళీ బండి టెస్ట్ డ్రైవ్‌లో ఒకరు తోలుతుంటే ఇంకొకరు వెనక పడుకుని స్పీడ్ బ్రేకర్లు దాటించి చూడండి. సేల్స్ కుర్రాడు వింతగా చూసినా పట్టించుకోకండి.

సిమెంటో గ్రానైటో వేసుకుని ఒక్కరే తోలేవారికి ఈ లెక్క కొంచెం మారుతుంది. వారు పడుకునేది ఆగిన బండిలో. వారికి కుదుపు కంటే గాలే పెద్ద సమస్య. 2025 నుంచి కొత్త లారీలకు ఏసీ క్యాబిన్ తప్పనిసరి చేశారు, మంచిదే. కానీ మామూలు ఏసీ ఇంజను నడుస్తుంటేనే పనిచేస్తుంది. రాత్రంతా ఇంజను ఆన్‌లో ఉంచితే డీజిల్ లెక్క అడుగుతారు, ఆపి కిటికీ తెరిస్తే దోమలు, దొంగల భయం. కాబట్టి కిటికీలకు జాలీ, బెర్త్ దగ్గర బ్యాటరీ ఫ్యాను, వెనక గోడకు చిన్న కిటికీ ఉన్నాయో లేదో చూసుకోండి. ఈ మూడూ ఉంటే ఆగిన బండిలో షెడ్డు క్యాబిన్ వెడల్పు ఇప్పటికీ బాగానే ఉంటుంది.