నిద్రపోవడం వచ్చు, లేవడమే రాదు: వారంటీ దాటిన నా లాప్‌టాప్

ఈ లాప్‌టాప్ మీద నాకున్న కోపం ఒక్కటే. మూత మూస్తే బుద్ధిగా పడుకుంటుంది, తెరిస్తే లేవదు. రోజూ ఇలాగే చేస్తే ఎప్పుడో వదిలించుకునేవాణ్ని. వారమంతా మంచిగా ఉండి, అవతలి మనిషి బిల్లుల కట్ట పట్టుకుని ఎదురుగా కూర్చున్న రోజే చేస్తుంది.

కంపెనీ పేరు రాయడం లేదు. చివరికి పట్టుబడిన దొంగ ఏ కంపెనీ లాప్‌టాప్‌లోనైనా ఉండొచ్చు కాబట్టి పేరుతో పనిలేదు. ప్రాసెసర్, ర్యామ్, తెర సైజు సంగతులు అమ్మేవాళ్లే చెబుతారు.

కొత్తలో దీన్ని తెగ పొగిడాను. మూత పూర్తిగా ఎత్తేలోపే తెర వెలుగుతుందని, పక్కన నంబర్ ప్యాడ్ ఉండటం లెక్కల వాళ్లకు వరమని కనిపించిన వాళ్లందరికీ చెప్పాను. నంబర్ ప్యాడ్ విషయంలో ఇప్పటికీ అదే మాట, అయిదు అంకె సగం అరిగిపోయినా సరే. మూత విషయంలో మాత్రం ‘లేచిన రోజున’ అని కలుపుకోండి.

నా పని గుంటూరు మిర్చి యార్డు చుట్టుపక్కల కమీషన్ షాపులకు లెక్కలు రాయడం, జీఎస్టీ రిటర్నులు వేయడం. నెలలో 14న 2బీ, అంటే షాపుకు సరుకు అమ్మినవాళ్లు చూపిన బిల్లుల జాబితా, వస్తుంది. 20లోపు 3బీ అనే నెలవారీ రిటర్ను వేయాలి. ఆ మధ్య రోజుల్లో ఒక షాపులో మూత మూసి, బ్యాగులో పడేసి, స్కూటరెక్కి, ఇంకో షాపులో తెరవడమే పని. మధ్యలో వదిలేసిన ఎక్సెల్ షీట్లు, లెక్కలు రాసే టాలీ ప్రోగ్రామ్ ఎక్కడివక్కడ ఉండాలి. ప్రతి షాపులో మొదటి నుంచి అన్నీ తెరుచుకుంటూ కూర్చుంటే సాయంత్రానికి సగం షాపులు కూడా కావు.

లేవనప్పుడు దీని వాలకం ఎలా ఉంటుందంటే, పవర్ బటన్ లైటు వెలుగుతుంది, ఫ్యాను తిరుగుతుంది, తెర మాత్రం నల్లగా ఉంటుంది. అలాంటప్పుడు ముందు క్యాప్స్ లాక్ నొక్కి చూడండి. దాని లైటు వెలిగి ఆరుతుంటే లోపల మనిషి బతికే ఉన్నాడు, గొడవ తెరతోనో గ్రాఫిక్స్‌తోనో అయ్యుండొచ్చు. నాది వెలిగేది కాదు. ఇక పవర్ బటన్ అదిమిపట్టి చంపి లేపడమే. సేవ్ చేయకుండా 2బీతో సరిపోల్చిన బిల్లులన్నీ గోవిందా. ఓ షాపాయన నన్ను చూడగానే “ఏమయ్యా, నీ మిషన్ లేచిందా ఇవాళ?” అని పలకరించడం మొదలుపెట్టాడు. మిర్చి ఘాటుకు దగ్గుతూనే నవ్వేవాడు.

సర్వీస్ సెంటర్ వాళ్లకిస్తే “ఇక్కడ బాగానే లేస్తోంది సార్” అన్నారు. అబద్ధం కాదు, వాళ్ల బల్ల మీద అది ఎప్పుడూ చార్జర్‌కి పెట్టే ఉంటుంది. ఇంట్లో కూడా చార్జర్ మీద ఉన్నప్పుడు అది ఎన్నడూ మొరాయించలేదు. విండోస్ మళ్లీ ఎక్కించి ఇచ్చారు, కొన్నాళ్లు ఆగింది, మళ్లీ మొదలు. రెండోసారి వెళ్తే “బోర్డు పోయుంటుంది” అని ఓ రేటు చెప్పారు. ఆ రేటుకు ఇంకో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ వస్తుంది.

విండోస్ తన చిట్టా రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిస్తే ఎర్ర గుర్తుతో కెర్నెల్ పవర్ 41 అని వరసగా కనిపిస్తుంది. అది చూసి బ్యాటరీ మార్చేసిన వాళ్లు నాకు తెలుసు. అది చెప్పేదల్లా కిందటిసారి మిషన్ సరిగా ఆగకుండానే మళ్లీ మొదలైందని మాత్రమే. మనం పవర్ బటన్ అదిమినా అదే రాస్తుంది, కారణం చెప్పదు. కొన్నాక నేను అదనంగా వేయించుకున్న ర్యామ్ మీద అనుమానం వచ్చి దాన్ని పీకి చూశాను, రాత్రంతా మెమరీ టెస్ట్ నడిపాను, మిషన్ ఆన్ కాగానే విండోస్ కన్నా ముందు నడిచే బయోస్ కూడా అప్‌డేట్ చేశాను. ఈ జబ్బుకు వేటితోనూ తేడా రాలేదు.

అసలు గుట్టు విప్పింది ఓ కాఫీ. అలాగే తెర నల్లబడి ఉండగా షాపాయన “రావయ్యా, కాఫీ తాగొద్దాం, అదెక్కడికీ పోదు” అని లాక్కెళ్లాడు. తిరిగొచ్చేసరికి తెర మీద నీలిరంగు, దాని కింద ‘డ్రైవర్ పవర్ స్టేట్ ఫెయిల్యూర్’ అని ఓ ముక్క. అంతవరకూ ఆ ముక్క నాకు కనపడనే లేదు. పడుకునేటప్పుడు, లేచేటప్పుడు విండోస్ ఒక్కో పరికరం డ్రైవర్‌కీ, అంటే ఆ పరికరాన్ని నడిపే చిన్న ప్రోగ్రామ్‌కీ, కబురు పెడుతుంది. ఏదో ఒక డ్రైవర్ బదులు చెప్పకపోతే కాసేపు కాచుకుని, అప్పుడు ఈ మాట రాసి తనంతట తాను ఆగిపోతుంది. ఆగేముందు ఎవరు బదులివ్వలేదో ఓ ఫైల్లో రాసిపెడుతుంది. మనం తొందరపడి బటన్ అదిమితే ఆ ఫైలే పుట్టదు. కాబట్టి నల్లతెర వస్తే ఓ పది పదిహేను నిమిషాలు దాని మానాన దాన్ని వదిలేయండి.

ఆ ఫైలు సీ డ్రైవ్‌లో విండోస్ ఫోల్డర్ కింద మినీడంప్‌లో ఉంటుంది. విన్‌డీబగ్ అని మైక్రోసాఫ్ట్ వాళ్లదే ఉచిత ప్రోగ్రామ్ ఉంది, అందులో తెరిస్తే పేరు బయటపడుతుంది. నాకు బయటపడింది వైఫై కార్డు డ్రైవర్ పేరు. బోర్డూ కాదు, బ్యాటరీ కూడా కాదు. రుజువు కోసం కొన్నాళ్లు మూత మూసే ముందు ఫ్లైట్ మోడ్ పెట్టి చూశాను, ఒక్కసారి కూడా మొరాయించలేదు.

అప్‌డేట్‌తో వచ్చిన డ్రైవర్ తీసేసి, లాప్‌టాప్ కంపెనీ పేజీలో ఉన్న పాతది వేశాను. వేశాక షట్ డౌన్ కాదు, రీస్టార్టే కొట్టాలి. ఫాస్ట్ స్టార్టప్ ఆన్‌లో ఉంటే షట్ డౌన్ కొట్టినా విండోస్ తన లోపలి భాగాన్ని డిస్క్‌లో దాచుకుని, మర్నాడు అదే ఎత్తుకుంటుంది. పూర్తిగా కొత్తగా మొదలయ్యేది రీస్టార్ట్‌లోనే. చాలామందికి ఇది తిరకాసుగా అనిపిస్తుంది, నాకూ అలాగే ఉంది.

హాయిగా ఉన్నాననుకునేలోపు ఇంకో అప్‌డేట్ వచ్చి కొత్త డ్రైవర్‌ని మళ్లీ తెచ్చి కూర్చోబెట్టింది. ఇక దానితో పోట్లాడే ఓపిక లేక, కంట్రోల్ ప్యానెల్ పవర్ ఆప్షన్స్‌లో మూత మూస్తే స్లీప్‌కి బదులు హైబర్నేట్ అని మార్చేశాను. తెరిచి ఉన్నవన్నీ డిస్క్ మీద రాసుకుని మిషన్ పూర్తిగా ఆగిపోతుంది. సీ డ్రైవ్‌లో కొన్ని జీబీలు పోతాయి, లేవడానికి కొంత ఆలస్యమవుతుంది. అంటే నేను అంతగా పొగిడిన ఆ ‘మూత ఎత్తేలోపే’ అన్నది ఇక లేనట్టే.

దీనివల్ల అనుకోని లాభం ఒకటి కలిసొచ్చింది. ఇదివరకు బ్యాగులోంచి తీస్తే లాప్‌టాప్ అడుగు వేడిగా తగిలేది, పొద్దున నిండా ఉన్న చార్జింగ్ మధ్యాహ్నానికి తరిగిపోయేది. ఈమధ్య లాప్‌టాప్‌లు చాలావాటిలో స్లీప్ అంటే ఫోన్‌లా సగం మెలకువే. మీది ఏ రకమో తెలియాలంటే కమాండ్ ప్రాంప్ట్‌లో పవర్‌సీఎఫ్‌జీ అని కొట్టి, ఓ ఖాళీ వదిలి, స్లాష్ ఏ (powercfg /a) కొట్టండి. ఎస్3 ఉందని చెబితే పాత పద్ధతి నిద్ర, ఎస్0 అంటే ఈ సగం మెలకువ. నాది ఎస్0. హైబర్నేట్ పెట్టాక బ్యాగు చల్లగా ఉంటోంది, ఎండాకాలం గుంటూరులో అది చిన్న విషయం కాదు.

కొనొచ్చా అని అడిగితే, ఇంట్లోనో ఆఫీసులోనో చార్జర్‌కి పెట్టి వాడేవాళ్లకు ఈ మిషన్‌లో వంక పెట్టడానికేమీ లేదు, ఈ జబ్బు మీకు కనపడకనే పోవచ్చు. నాలా షాపుల వెంట తిరిగేవాళ్లయితే కొన్న మొదటి వారంలోనే చార్జర్ తీసేసి, ఫోన్ హాట్‌స్పాట్ మీద మూసి తెరిచి చూడండి. తేడా వస్తే వెనక్కిచ్చే గడువు ఉండగానే తేల్చుకోండి. నాకు ఆ గడువూ లేదు, వారంటీ కూడా లేదు, అందుకే సర్దుకుపోతున్నాను. వచ్చే మిర్చి సీజన్ దాకా ఇదే. అప్పటికి బ్యాటరీ ఎలాగూ మార్చాలి, ఆ ఖర్చు విన్నాక మనసు మారినా మారొచ్చు.